బ్రేకు పైపుకు పెట్టిన పురి

మా బెల్లం షెడ్డులో ఐదేళ్ళపాటు ఒక విమానం పెరిగింది. ముందు తోక వచ్చింది. తర్వాత పక్కటెముకల్లాంటి సన్నని కర్రలు, ఆ తర్వాత గుడ్డ, రంగు, చక్రాలు. చెరకంతా ఫ్యాక్టరీకే తోలడం మొదలయ్యాక మేము బెల్లం వండడం మానేశాం, షెడ్డు ఖాళీగా పడి ఉంది. మా ఆయన వాయుసేనలో ఫిట్టరుగా చేసి ఇంటికి తిరిగొచ్చి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో చేరాడు. ఆ ఖాళీ షెడ్డును చూసి ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. పోస్టులో నక్షాలు తెప్పించాడు. వేలంలో ఒక పాత చిన్న ఇంజన్ పట్టుకొచ్చాడు. సెలవులు కూడబెట్టి హైదరాబాదు పోయి, విమానం నడపడం నేర్చుకుని, లైసెన్సు కాగితం తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాడు.

నేను రాష్ట్రాలు కలిసిన ఏట పెళ్ళయి కమ్మర్‌పల్లి నుంచి ఈ ఇంటికి వచ్చినదాన్ని. మా పుట్టింట్లో పసుపు, మక్కజొన్న. ఇక్కడ చెరకు, వరి, ఇంటి వెనక కొంచెం పసుపు. ఏ పంటా ఐదేళ్ళు పట్టదు. అందుకని నేను ఆ విమానాన్ని ఐదేళ్ళూ తిట్టాను. ఊడ్చేటప్పుడు చీపురు చక్రానికి తగిలితే తిట్టాను, ఆయన చొక్కాకు అంటిన రంగు ఉతికినా పోకపోతే తిట్టాను. నోరు నాకు పుట్టుకతోనే వచ్చింది, దాచుకోవడం ఎందుకు?

మా అత్త అయితే షెడ్డు గడప కూడా దాటేది కాదు. పసుపు ఉడికించి ఆరబెట్టాక పోసుకోవడానికి ఆమెకు ఆ షెడ్డు కావాలి. ప్రతి ఏడూ అడిగేది, ప్రతి ఏడూ కొడుకు "వచ్చే ఏడు, అవ్వా" అనేవాడు.

డెబ్బయ్యో దశకం మొదట్లో ఒక ఏడు, ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగ్ మొదలైన కొత్తలో, హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన సంతకం పెడితేనే విమానం నేల విడవాలి. బక్కపలచని మనిషి. విమానం చుట్టూ గంటల తరబడి తిరిగాడు. టీ ఇస్తే రెక్క మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని తాగాడు, అది చూసి మా ఆయనకు ఆయన మీద గౌరవం పుట్టింది. చివరికి ఇంజన్ దగ్గర వంగి, రాగి గొట్టాన్ని గోటితో కొట్టాడు.

"ఇంజన్ వణుకుతుంది. రాగి వణకదు, పగులుతుంది. పగిలిన గొట్టంలోంచి వేడి ఇంజన్ మీద పెట్రోలు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? చక్రాల బ్రేకులకూ ఇదే రాగి వేశారు. విమానం దిగినప్పుడల్లా చక్రాలను మోసే ఆ కాళ్ళు సాగుతాయి, వంగుతాయి. ఈ గొట్టాలన్నీ తీసేసి వంగే పైపులు వేయండి. తక్కినదంతా బాగుంది. నెల తర్వాత వస్తాను. ఒక్క చుక్క కారినా సంతకం పెట్టను, మళ్ళీ రాను కూడా."

గడప అవతల నిలబడి మా అత్త మొత్తం విన్నది. అధికారి వెళ్ళాక కొడుకును అడిగింది.

"సారు సంతకం పెట్టకుంటె ఏం జేస్తవురా?"

"రంపంతోని కోసి నీ పొయ్యిల పెడ్త. పసుపు తవ్వకముందే నీ షెడ్డు నీకిస్త అవ్వా. మాట."

ఆ మాట ఆయన కోపంలో అనలేదు, అలసిపోయి అన్నాడు. నాకు అదే భయం వేసింది. మా ఆయన మాట ఇచ్చి తప్పే మనిషి కాదు, ఆయనతో ఉన్న చిక్కే అది. మర్నాడు ఇంట్లో ఉన్న రంపానికి ఆకురాయితో పదును పెట్టి, నూనె రాసి, షెడ్డు గోడకు తగిలించాడు. విమానాన్ని ఐదేళ్ళు తిట్టినదాన్ని, ఇప్పుడు ఆ రంపాన్ని తిట్టాను. నేను తిట్టుకుంటాను, అది నా ఇంటి విమానం. దాన్ని కోయడమేమిటి?

బెంగళూరులో ఉన్న ఆయన పాత స్నేహితుడు పైపులు పంపించాడు. లోపల రబ్బరు, దాని మీద సన్నటి ఇనుప తీగల అల్లిక, చివరలకు బిగించే బిళ్ళలు, నట్లు. కావలసినంతే ఉంది, పైన జానెడు. ఒకసారి తప్పు కోస్తే ఇంకోటి లేదు.

ఆ పైపులు బిగించాల్సిన చోటు చూడండి. సీటుకూ ఇంజనుకూ నడుమ ఒక రేకు గోడ. గోడకు ఇవతల, కూర్చున్నవాళ్ళ కాళ్ళకు పైన, పెట్రోలు ట్యాంకు. ట్యాంకుకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ళ సందు. మా ఆయన చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. ఆయన చేతులు వాయుసేనలో సన్నగానే ఉండేవట, ఫ్యాక్టరీలో లావయ్యాయి. ట్యాంకు ఊడదీయాలంటే గుడ్డ కోయాలి, గుడ్డ కోస్తే మళ్ళీ కుట్టి రంగు వేసి ఆరబెట్టాలి, నెల చాలదు. పైగా క్రషింగ్ రోజులు. మిల్లు ఆగితే చెరకు బండ్లు ఊరి దాకా నిలబడతాయి, ఆ రోజుల్లో సెలవు అడిగితే నవ్వుతారు. ఆయన పొద్దున డ్యూటీకి పోయి మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు.

ఆయన సందులో చెయ్యి ఇరికించుకుని బయటికి లాక్కోలేక గింజుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది.

"జరుగు. నేను పెడ్త."

"నీకేం తెలుసే?"

"నీకు తెలుసు గద, నువ్వు చెప్పు. నాకు చెయ్యి ఉన్నది, నేను పెడ్త."

చెయ్యి దూర్చాను. గాజులు అడ్డం పడ్డాయి. తీసి పక్కన పెట్టాను. గడప అవతలి నుంచి మా అత్త కేక పెట్టింది. మగడు ఎదురుగా ఉండగా బోసి చేతులేమిటని ఇంత రాద్ధాంతం చేసి, ఇంట్లోకి పోయి పసుపు ముద్దలో తడిపిన దారం తెచ్చి నా రెండు మణికట్లకూ కట్టింది. అది కట్టడానికి ఆమె గడప దాటి లోపలికి రావలసి వచ్చింది. వచ్చినదాన్ని పోనివ్వకుండా నేను చేతికి టార్చిలైటు ఇచ్చాను.

ఆయన పొద్దున డ్యూటీకి పోయేముందు ఒక్కో పని చేసి చూపించేవాడు, నేను పగలంతా చేసేదాన్ని. పైపు కోయాలంటే ముందు కోసే చోట దారం గట్టిగా చుట్టాలి, లేకపోతే తీగల అల్లిక చీపురులా విచ్చుకుంటుంది. సన్నపళ్ళ రంపంతో నిటారుగా కోయాలి. బయటి బిళ్ళ ఉల్టా మరలది, ఎడమకు తిప్పితే ఎక్కుతుంది. దాని లోపలికి ఇంకో ములుకు, అది మామూలుగా కుడికి. ఆ ములుకు ఎక్కేటప్పుడు లోపలి రబ్బరును చెక్కితే ఆ చెక్కు నాలుకలా వేలాడి పెట్రోలుకు అడ్డం పడుతుంది. అందుకని ప్రతి పైపునూ ఎండకు ఎత్తి కన్ను పెట్టి చూడాలి. గుండ్రంగా వెలుగు కనపడాలి, చంద్రవంక కనపడకూడదు. మొదటి పైపులోనే నాకు పున్నమి కనిపించింది. ఆ సంతోషానికి మా అత్తను కూడా చూడమన్నాను. ఆమె ఒక కన్ను మూయడం చేతకాక రెండూ మూసుకుని "ఆ, మంచిగున్నది" అన్నది.

పెట్రోలు పైపును నేను మొదట బండి మీద మోపు కట్టినట్టు లాగి బిగించాను. ఆయన వచ్చి చూసి తల ఊపాడు.

"గిట్ల కాదు. ఇంజన్ ఊగుతది. దాంతోని పాటు ఊగెటందుకు పైపుకు జర జాగ ఇయ్యాలె. కొంచెం వదులుండాలె."

సరేనని వదులుగా పెట్టాను. కానీ నా మనసు ఒప్పలేదు. వదులుగా వేలాడే వస్తువును చూస్తే నాకు మొదటి నుంచీ చిరాకు. అక్కడ నేను చేసిన పని చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

మా నాన్న పసుపు రైతు, కానీ ఊళ్ళో ఆయనకు పేరు తెచ్చింది తాళ్ళు. జనుము నార నానబెట్టి, చీరి, పేని, బండి తాళ్ళూ మోకులూ తీసేవాడు. తాడు ఒక కొస నా చేతిలో ఉండేది, ఇంకో కొస ఆయన తిప్పేవాడు. "పురి లేనిది నార, పురి ఉన్నది తాడు" అనేవాడు. పురి ఎంత ఎక్కితే తాడుకు అంత బలం. నేను నడక నేర్చిన నాటి నుంచీ విన్న చదువు అది. అందుకని పైపులన్నిటికీ, వదులుగా ఉన్నా బలంగా ఉండాలని, నట్టు బిగించేటప్పుడు పైపును కూడా దానితో పాటు సగం చుట్టు తిప్పాను. తిప్పితే చేతిలో బిర్రుగా అయింది, హాయిగా అనిపించింది. ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అనుకోలేదు, నీళ్ళు కాచేటప్పుడు పొయ్యి ముట్టించానని ఎవరూ చెప్పరు కదా.

పెట్రోలు పైపు చుక్క కూడా కారలేదు. ట్యాంకులో పోసి, అవతలి కొస డబ్బాలోకి వదిలితే సన్నని ధార ఎక్కడా తెగకుండా పడింది. మా ఆయన గడియారం చూసి డబ్బా నిండిన సమయం రాసుకుని, చాలునన్నాడు. నేను ఆ పూట గొప్పగా నడిచాను.

ఇంక బ్రేకులు. సీటు ముందు రెండు పెడళ్ళు, వాటి నుంచి సీటు కింద చిన్న గోడ దాకా ఇనుప గొట్టం, అక్కడి నుంచి చక్రం దాకా పైపు. రెండు చక్రాలకు రెండు పైపులు. బ్రేక్ ఆయిల్ పోశాక లోపలి గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర మర విప్పి, బుడగలు పోయాక బిగించాలి. ఆయన డ్యూటీలో ఉన్నాడు. మా అత్తను బతిమాలి, చీర కుచ్చిళ్ళు పైకి దోపించి, పైలట్ సీటులో కూర్చోబెట్టాను.

"తొక్కు అత్తమ్మా."

"తొక్కిన."

"వదలకు."

"వదలకపోతె కాలు గుంజుతది గద పిల్లా. ఇగో, ఇది లేవదు గద?"

"రెక్కలకు తాళ్ళు కట్టిన. నువ్వు తొక్కు."

గంట గడిచేసరికి ఆమెకు రుచి పట్టింది. బుడగలు ఆగిపోయి నేను చాలన్నా "ఇంకోసారి తొక్కాల్నా?" అని అడిగింది.

ఆ సాయంత్రం ఆయన వచ్చి పెడలు తొక్కాడు. రాయి మీద కాలు పెట్టినట్టు గట్టిగా ఉంది. నవ్వాడు. మర్నాటికి ఎడమ చక్రం కింద తడి. పెడలు మెత్తబడింది. చక్రం దగ్గరి నట్టు మళ్ళీ బిగించాం, తుడిచాం, తొక్కాం. ఇంకో రోజుకు మళ్ళీ తడి. ఆయన ఆ నట్టు మార్చాడు. వాషరు మార్చాడు. మరల మీద వేలు పెట్టి తడిమి, కన్ను పెట్టి చూసి, ఏమీ దొరకక పక్కకు తిరిగాడు. తుడిస్తే పొడిగా ఉంటుంది, పొద్దున్నే చూస్తే చక్రం కింద చుక్క. నీళ్ళలాంటి నూనె, ఎక్కడ పుట్టిందో కనపడదు, పైపు మీద పాకి పాకి చక్రం దగ్గర రాలుతుంది.

అధికారి రావడానికి వారం ఉంది. మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయేవాడు. షెడ్డులోకి పోతే చూపు విమానం మీదికి కాక రంపం మీదికి పోయేది. నాకు ఆయన మీద జాలి, ఆ చుక్క మీద కోపం. ఇంత పెద్ద విమానాన్ని ఇంత చిన్న చుక్క మింగేస్తుందా అని.

అప్పుడు జరిగింది ఇది. మా అత్త ఆకు వక్క వేసుకుంటూ, నా మణికట్టుకు కట్టిన దారం వదులైందని పట్టుకుని ముడి బిగించింది. ఆమె వేలికి సున్నం ఉంది. పసుపు దారం ఆమె వేలు తగిలిన చోట ఎర్రగా అయిపోయింది. పెళ్ళిళ్ళలో పారాణి కలిపే ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతే, పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపు. నేను ఆ ఎర్ర మరకను చూస్తూ అలాగే నిలబడిపోయాను.

"ఏమైందే?" అన్నది అత్త.

"అత్తమ్మా, సున్నం డబ్బా ఇయ్యి."

కొంచెం బ్రేక్ ఆయిల్ గిన్నెలోకి తీసి అందులో మా ఇంటి పసుపు వేసి నానబెట్టాను. రంగు దిగాక నాలుగు మడతల పాత ధోవతి గుడ్డలో వడకట్టాను, రెండుసార్లు. నూనె బంగారంలా దిగింది. ఎడమ బ్రేకులో ఉన్న నూనె తీసేసి ఇది పోశాను. పైన ఒకటి, కింద ఒకటి, ప్రతి అతుకుకూ తడి సున్నం పూసి ఆరనిచ్చాను. తెల్లగా, గోడకు వెల్ల వేసినట్టు ఆరింది. అత్త పైలట్ సీటు ఎక్కింది. ఇప్పుడు ఎవరూ బతిమాలనక్కర్లేదు.

"తొక్కు."

కింద, చక్రం దగ్గర, సున్నం తెల్లగానే ఉంది. ఇన్ని రోజులూ మేము విప్పి బిగించి సతాయించిన నట్టు అది, పాపం దాని తప్పేమీ లేదు. ఇరవైసార్లు తొక్కించాను. తర్వాత టార్చి తీసుకుని సీటు కిందికి తల పెట్టాను. పైన, చిన్న గోడ దగ్గర, ఎవరి కన్నూ పడని అతుకు కింద, సున్నం మీద కుంకుమబొట్టంత ఎరుపు.

"దొరికింది!" అని అరిచాను. తల గోడకు కొట్టుకుంది. నొప్పి తర్వాత తెలిసింది.

కానీ దొరికింది ఆ ఒక్కటే కాదు. ఆరిన సున్నం నట్టు చుట్టూ పగిలింది. నట్టు మీది సున్నం, పక్కనున్న బిళ్ళ మీది సున్నం, రెండూ కలిసి ఉన్న చోట సన్నని బీట, ఒకదాని నుంచి ఒకటి వెంట్రుకవాసి జరిగాయి. నట్టు తనంతట తాను వదులవుతోంది. ఎవరు తిప్పారు దాన్ని? నట్టు తిప్పే పాన ఎవరూ ముట్టలేదు. అత్త పెడలు తప్ప ఏమీ తొక్కలేదు.

"మళ్ళ తొక్కు అత్తమ్మా, మెల్లగ" అని పైపును వేళ్ళతో పట్టుకున్నాను. నూనె నిండి పైపు బిగుసుకున్నప్పుడు నా వేళ్ళ మధ్య అది మెసిలింది. పురి విప్పుకోవడానికి పెనుగులాడుతోంది. ఆ పెనుగులాట నా చేతులకు చిన్ననాటి నుంచీ తెలుసు. కొస పట్టుకుని కూర్చున్నప్పుడు మా నాన్న తాడు నా పిడికిట్లో అలాగే మెసిలేది, వదిలితే గిరగిరా తిరిగి పురి పోగొట్టుకునేది. తాడుకు బలమిచ్చే పురి పైపుకు పగ. నేను పెట్టిన సగం చుట్టును ఆ పైపు రోజూ కొంచెం కొంచెం విప్పుకుంటూ నట్టును వెనక్కి తిప్పుతోంది.

వంటింట్లోకి పోయి నీళ్ళు తాగాను. ఐదేళ్ళ పనిని ముంచబోయింది నా తెలివే. సిగ్గు వేసింది, గొప్పగా వేసింది. ఆయన వచ్చేదాకా గడప మీదే కూర్చున్నాను.

వచ్చాక, చెప్పులు విప్పకముందే చెప్పాను.

"చుక్క దొరికింది. సీటు కిందున్న నట్టు. తప్పు నాది. నేను పైపులకు పురి పెట్టిన."

"పురా?"

"తాడుకు పెట్టినట్టు. బలముంటదని."

ఆయన సీటు కిందికి దూరి చూసి చాలాసేపటికి బయటికి వచ్చాడు. నుదుటి మీద ఎర్రటి మరక అంటింది.

"రెండు పానాలు వట్టుమని నేను చెప్పలే నీకు. ఒకదాంతోని నట్టు తిప్పాలె, ఇంకోదాంతోని పైపు తిరగకుంట ఆపాలె. తప్పు నాదే."

"నా తప్పు నువ్వు గుంజుకోకు" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతో కూడా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "పైపులకు" అన్నాను, పైపుకు అనలేదు. పెట్రోలు పైపు. అది చుక్క కూడా కారలేదు, మేము మెచ్చుకుని మరిచిపోయాం. పోయి సందులో చెయ్యి పెట్టి ఆ నట్టు విప్పాను. వదులవగానే పైపు నా చేతిలోనే గిర్రున సగం చుట్టు తిరిగింది. మా ఆయన చూశాడు. నేల మీద ఊరుకున్న పైపు, ఇంజన్ వణుకుతుంటే ఆకాశంలో ఏ ఘడియకో విప్పుకునేది. ఆయన పోయి ఇంజన్ మీద, ఆ పెట్రోలు పడే చోట చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ బ్రేకు చుక్కను అన్ని రోజులు తిట్టాను. అది కారకపోతే నాకు మగడు దక్కేవాడు కాదు.

మర్నాటి నుంచి అన్నీ విప్పి మళ్ళీ వేశాను. ఆయన రెండు పానాలు చాలునన్నా వినలేదు, ప్రతి పైపు మీద నిలువునా సున్నంతో ఒక గీత గీశాను. బిగించాక గీత తిన్నగా ఉందంటే పురి లేదు, పాములా చుట్టుకుందంటే ఉంది. నా చేతులను నేను నమ్మలేదు, మా నాన్న నేర్పిన చదువు వాటిలో ఇంకా ఉంది. రెండు పానాలు పట్టడానికి ఒక చెయ్యి సందులో పెట్టి, ఇంకో చెయ్యి ఇంజన్ వైపు నుంచి చుట్టూ తిప్పి, రేకు గోడను కావలించుకుని, చెంప దానికి ఆనించి బిగించాను. చెంప మీద గోడ మరల గుర్తులు రెండు రోజులున్నాయి. పసుపు నూనె పూర్తిగా కడిగేసి కొత్త నూనె పోశాం. సున్నం కొత్తగా పూశాం. రోజూ అత్త తొక్కింది. సున్నం ఎర్రబడే సంగతి ఇంక లేదు, తడిస్తే నల్లబడాలి. నల్లబడలేదు. బీట పడలేదు.

అధికారి చెప్పిన రోజుకు వచ్చాడు. జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి ప్రతి అతుకునూ తుడిచాడు. రుమాలుకు సున్నం తప్ప ఏమీ అంటలేదు. ఇంజన్ ఆడించమన్నాడు, మొత్తం వేగం మీద. చక్రాల కింద అడ్డం పెట్టిన కర్రలు తీయించాడు. మా ఆయన రెండు పెడళ్ళూ తొక్కి పట్టాడు. షెడ్డు ముందు దుమ్ము లేచింది, కల్లంలో ఆరబెట్టిన వడ్లు ఎగిరిపోయాయి, అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విమానం ముక్కు వంచి వణికింది, అంగుళం కదలలేదు. ఇంజన్ ఆపాక అధికారి మళ్ళీ రుమాలు తీశాడు, రెండో వైపు మడిచి.

"ఈ గీత ఏమిటి?" అన్నాడు పైపును చూపించి.

"పురి పడకుంట, సార్" అన్నాను. మా ఆయన చెప్పబోతుంటే నేనే చెప్పాను. పురి పెట్టిన సంగతి కూడా దాచలేదు.

ఆయన మొత్తం విన్నాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు. "ఎవరు బిగించారు?" అంటే మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. అధికారి నా మణికట్టు దారాన్ని చూశాడు, కాగితాన్ని రెక్క మీద పెట్టి సంతకం చేశాడు.

"అమ్మా, ఈ పైపుల మీద ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వకండి."

నాకు మా ఊళ్ళో ఎవరి పెళ్ళిలోనూ అంత మర్యాద జరగలేదు.

ఇక ఎగరడమే మిగిలింది. కాలువ కింద భూములు చేసే కోస్తా రైతు ఒకాయనది మా పక్క పొలం. ఆయనకు పొడుగాటి చవుడు నేల ఉంది, దాని చివర కాలువ. అడగగానే ఒప్పుకున్నాడు. "ఆ చవుట్లో గడ్డి కూడా మొలవదండీ. మీ విమానమైనా మొలవనివ్వండి" అని తనే రాళ్ళు ఏరించాడు. ఆ పొద్దు సగం ఊరు అక్కడే ఉంది. అందరూ ఈ కొసన, విమానం బయల్దేరే చోట నిలబడ్డారు. నేను నడుచుకుంటూ ఆ కొసకు, కాలువ గట్టు ముందుకు పోయాను. దిగి వచ్చినప్పుడు బ్రేకులు పట్టకపోతే విమానం వచ్చేది అక్కడికే.

మా ఆయన సీటులోంచి అరిచాడు. "అక్కడెందుకె? ఇటురా!"

"బ్రేకులు నావి" అని అరిచాను. "నేనీడనే ఉంట!"

ఆయన తల ఊపి ఇంజన్ హోరెత్తించాడు. విమానం పరుగెత్తింది, తోక లేచింది, ఆ తర్వాత చక్రాలకూ చవుడుకూ మధ్య ఎండ కనిపించింది. నా తల మీదుగా, కాలువ మీదుగా పోయింది. చెరకు తోటల మీద దాని నీడ పరుగెత్తింది. అత్త ఏడుస్తోందని తర్వాత చెప్పారు. నేను అరుస్తున్నానని కూడా తర్వాతే చెప్పారు, నాకు తెలియదు. పెద్ద చుట్టు తిరిగి అది జనం నిలబడ్డ కొసన కిందికి దిగింది, దుమ్ము లేపింది, నా మీదికి తిన్నగా వచ్చేస్తోంది. గిర్రున తిరిగే పంకా, దాని వెనక ఆయన ముఖం.

ఇంజన్ ఆగిన చప్పుడు వినపడింది. రెండు బండ్ల దూరంలో విమానం నిలబడి ఉంది. ఆయన దిగి పరుగెత్తుకుంటూ వచ్చి చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పైపును తడిమి, వేళ్ళు పైకెత్తి నాకు చూపించాడు. పొడిగా ఉన్నాయి.

"సూసినవా? ఎట్ల ఆగిందో సూసినవా?"

అబద్ధం ఆడాలనిపించింది. కానీ ఆ ముఖం చూస్తే నోరు రాలేదు.

"సూడలే" అన్నాను. "భయమై కండ్లు మూసుకున్న. ఇంకోసారి పో."

ఆయన అక్కడే నేల మీద కూర్చుని నవ్వాడు. ఐదేళ్ళలో ఆయన అలా నవ్వగా నేను చూడలేదు. లేచి విమానాన్ని వెనక్కి తిప్పుకుని మళ్ళీ ఎగిరాడు. ఈసారి నేను రెండు కళ్ళూ తెరిచి పెట్టుకున్నాను, దుమ్ము పడ్డా రెప్ప వేయలేదు. చక్రాలు నేలను తాకాయి, కాళ్ళు సాగాయి, సున్నపు గీతతో నా పైపులు వాటితో పాటు వంగాయి, తిన్నగా, మెలి పడకుండా. విమానం నా వైపు వచ్చింది, నెమ్మదించింది, ఇంకా నెమ్మదించి, ఆగింది. నేను నిలబడ్డ చోటు నుంచి ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు.